తాళంకప్ప వేసిన ముడి

నొల్బెర్తో ఇబకాచేని ఆ పేరుతో పిలిచేవాళ్ళు పికేరోస్ రేవులో ఇద్దరే ఇద్దరు. ఒకరు పాదిరీ, ఇంకొకరు ఆసుపత్రి నర్సు. మిగతా అందరికీ అతడు తాళంకప్ప. ఎదురుగానే అలా పిలిచేవాళ్ళం, పలికేవాడు కూడా. సామాన్ల కొట్టుకు రెండు తాళాలు వేసి, రెంటినీ లాగి చూసి, నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూసే మనిషిని ఇంకేమని పిలుస్తాం? చిలీ తీరం పొడుగునా వెతికినా అలాంటివాడు ఇంకొకడు దొరకడని మా నమ్మకం.

పెట్రోలు డబ్బా మీద లోపల ఎంతుందో గీత గీసి పెట్టుకునేవాడు. "ఎటు వెళ్తున్నావ్?" అని ఎవరైనా అడిగితే "అటు" అని గడ్డంతో సముద్రమంతా చూపించేవాడు. ఇంట్లో చేపల పులుసు ముందు పెడితే గరిటె అడుగు దాకా దించి కలిపి చూడందే ముద్ద ఎత్తేవాడు కాదు.

"వెతుకు, బాగా వెతుకు. నేను ఎవరినన్నా చంపి అందులో దాచానేమో" అనేది భార్య ఎదెల్మీరా.

"ఉప్పు చూస్తున్నానంతే."

"ఉప్పుని గరిటెతో చూస్తారా ఎవరైనా? నాలికతో చూస్తారు."

పుట్టుకతోనే ఇలా ఉన్నాడా అంటే, లేదు. కుర్రతనంలో నవ్వుతూ తిరిగిన మనిషే. మా రేవులో మునిగేవాళ్ళు వీపున సిలిండర్లు కట్టుకోరు, అవి పడవెక్కి వచ్చే టూరిస్టుల సరదాలు. మాకు బోటులో కంప్రెసర్ ఉంటుంది, దాన్నుంచి పొడుగాటి పసుపుపచ్చ గొట్టం ఉంటుంది, గొట్టం చివర మునిగేవాడి నోరు ఉంటుంది. బోటులో గొట్టం పట్టుకుని కూర్చునేవాడి చేతిలోనే కిందివాడి ప్రాణం. నొల్బెర్తోకి మొదట గొట్టం పట్టినవాడు ఒకనాడు తాగి వచ్చి నిద్రపోయాడు. ఇంజనులో పెట్రోలు అయిపోయి గాలి ఆగింది. నీటి అడుగు నుంచి ఒక్క ఊపిరి కూడా లేకుండా పైకి కొట్టుకుని వచ్చిన నొల్బెర్తోకి ముక్కులోంచి నెత్తురు కారింది. బోటు అంచు పట్టుకుని చూస్తే లోపల ఆ మనిషి గురక పెడుతున్నాడు. అది చూశాక ఎవరి మీదనైనా నమ్మకం ఎలా ఉంటుంది? అతడి అనుమానానికి నవ్వేవాళ్ళం కానీ, ఆ మాట మాకూ తెలుసు.

ఆ తర్వాత అతడు ఒక నియమం పెట్టాడు. గొట్టం పట్టేవాడే ముందు మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని గాలి పీల్చాలి. ఇంజను పొగ వాసన గానీ, నూనె రుచి గానీ లేదని తేలాకే మునిగేవాడికి ఇవ్వాలి. రాజుగారి అన్నం ముందు వంటవాడు తిని చూపించాలన్నట్టు ఉందని రేవంతా ఎగతాళి చేసింది. ఎగతాళి చేసినవాళ్ళందరూ ఒక్కొక్కరే చడీ చప్పుడూ లేకుండా ఆ పద్ధతి నేర్చుకున్నారు. ఇప్పుడు పికేరోస్‌లో మొదటి ఊపిరి గొట్టం పట్టేవాడిదే.

నొల్బెర్తోకి ఆ పని చేసేది బావమరిది సెనోన్ తబీలో, ఎదెల్మీరా తమ్ముడు. ఒకప్పుడు సెనోన్‌ని మించి మునిగేవాడు మా దగ్గర లేడు. మా నీళ్ళ ఉత్తరపు కొసన లోతులోంచి తొందరపడి పైకొచ్చిన రోజున నీటి ఒత్తిడి కాలిని పట్టేసింది. అప్పటినుంచి ఎడమకాలు ఈడుస్తూ నడుస్తాడు. మునగడం మానేసి బావకి గొట్టం పట్టసాగాడు. అతడి నోటికి మూత లేదు. పాటలు, పక్కింటి కబుర్లు, తనమీద తనే వేసుకునే జోకులు, ఏదో ఒకటి వాగుతూనే ఉంటాడు. కానీ వేళ్ళు మాత్రం గొట్టం మీదనుంచి కదలవు. ఒకసారి లాగితే బాగున్నావా అని, రెండుసార్లయితే కదులుతున్నానని, మూడుసార్లయితే ఉన్నపళంగా పైకి రమ్మని. ఇది అందరికీ తెలిసిన భాష. సెనోన్‌కి ఇంకా లోపలి సంగతులు కూడా గొట్టంలోంచే తెలిసేవి. కింద బావ విసుక్కుంటున్నాడో, మంచి నత్త దొరికి సంబరపడుతున్నాడో పైనుంచే చెప్పేసేవాడు.

ఇదీ నొల్బెర్తోకి నచ్చేది కాదు. నీళ్ళ కింద కూడా తన సంగతి ఇంకొకడికి తెలిసిపోవడం ఏమిటని.

మా రేవుకు ఎదురుగా ఉన్న నీళ్ళు మా మునిగేవాళ్ళ సంఘానివి. అక్కడ అడుగున రాళ్ళను పట్టుకుని హుయిరో నాచు పెరుగుతుంది. నాచంటే మెట్ల మీద జారే పాచి అనుకోకండి. మనిషిని మించిన ఎత్తు, తోలు పట్టీల్లాంటి ఆకులు, అల వచ్చినప్పుడల్లా అడివంతా ఒకేసారి ఒకవైపు వాలి మళ్ళీ లేస్తుంది. ఆ అడివిలోనే లోకో నత్తలు పెరుగుతాయి, ఆ నత్తల మీదే మేం బతుకుతాం. అందుకే హుయిరోని గునపంతో పెకలించడం, కత్తితో కోయడం మా దగ్గర దొంగతనం కన్నా పెద్ద తప్పు. సముద్రం తనంతట తాను ఒడ్డుకు విసిరింది మాత్రం ఎవరైనా ఏరుకుని ఎండబెట్టి అమ్ముకోవచ్చు.

ఆ ఏడు ఉత్తరపు కొసన హుయిరో పలచబడుతోందని మొదట గమనించింది నొల్బెర్తోనే. పైనుంచి చూస్తేనే నీటి రంగు మారింది. ఎవరో గునపాలతో పీకేస్తున్నారని సంఘంలో లేచి చెప్పాడు. కాపలా పెట్టించాడు. అది చాలదని, "బోటులో కోసిన హుయిరో కాడ ఒక్కటి దొరికినా సరే, ఆ మనిషిని సంఘంలోంచి తీసెయ్యాలి" అని పట్టుబట్టాడు. సంఘం నుంచి తీసేస్తే నత్తల మీద హక్కు పోతుంది, అంటే పొయ్యిలో నీళ్ళు పోసినట్టే. అధ్యక్షురాలు దోన్యా క్లొరిందాకి అది మరీ కఠినం అనిపించింది.

"ఒక్క కాడకే అంత శిక్షా, తాళంకప్పా? రేపు మనలో ఎవరికన్నా తగులుకుంటే?"

"దొంగ కానివాడికి భయమెందుకు దోన్యా క్లొరిందా? మీకు భయంగా ఉందా?"

తీర్మానం అయిపోయింది. రేవులో ఆ తర్వాత ఎవరి బోటులోకి ఎవరు తొంగి చూసినా తప్పనిపించలేదు. అన్నదమ్ములే ఒకరి తట్టలు ఒకరు కుమ్మరించి చూసుకున్నారు. ఆ పుణ్యమంతా తాళంకప్పదే.

అతడి అనుమానం మాత్రం ఊరంతా తిరిగి తిరిగి చివరికి తన బోటులోకే వచ్చి కూర్చుంది. సెనోన్ ఎండబెట్టే చోట ఆ మధ్య హుయిరో గుట్టలు గుట్టలుగా ఉంటోంది. అందరూ పిడికెడు ఏరుకుంటుంటే వాడొక్కడికే అంత ఎక్కడిది? పైగా ఉత్తరపు కొసకి పోదామంటే వాడు అడ్డం తిరుగుతాడు.

"అక్కడేముంది బావా, కెరటాలు తప్ప? నా కాలు అక్కడే పోయింది. నీక్కూడా అక్కడ మొక్కుబడి ఉందా?"

"ఊరికే చూసొద్దామంటే ఎందుకంత కంగారు?"

"కంగారు నాది కాదు, నా కాలిది."

కాలు వంక పెట్టుకుని బాగానే తప్పించుకుంటున్నాడు అనుకున్నాడు నొల్బెర్తో. ఇంటికెళ్ళి భార్య ముందు ఆ మాట అన్నాడు. ఎదెల్మీరా పిసుకుతున్న పిండి వదిలేసి చేతులు తుడుచుకుంది.

"నా తమ్ముడా? గాలి మారి అలలన్నీ నాచుని వాడి గుడిసె ముందుకే కొడుతున్నాయి. కళ్ళున్నవాళ్ళకి కనపడుతోంది."

"నీ తమ్ముడు కాబట్టి నీకలాగే కనపడుతుంది."

"ఏమయ్యా, నువ్వు పొద్దున్నే లేచి వాడు పీల్చిన గాలే పీలుస్తావు. సాయంత్రం ఇంటికొచ్చి వాడే దొంగంటావు. నీకు సిగ్గుగా లేదా?"

లేదు. అతడికి కావలసింది రుజువు. సంఘం సమావేశం దగ్గర పడుతోంది, అందులో లేచి సెనోన్ పేరు చెప్పాలంటే కిందకి వెళ్ళి గునపం దెబ్బలు కళ్ళారా చూసి రావాలి. కానీ గొట్టం వాడి చేతిలోనే ఉంటుంది కదా. తను ఉత్తరానికి కదిలిన మరుక్షణం ఆ వేళ్ళకి తెలిసిపోతుంది. మూడుసార్లు లాగి పైకి రప్పించేస్తాడు. ఇంత ఆలోచించాక, మునిగేవాడన్నవాడు ఎవడూ చెయ్యని పని చెయ్యడానికి సిద్ధపడ్డాడు.

ఆ ఉదయం సముద్రం మంచి మూడ్‌లోనే ఉంది. సెనోన్ మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, రుచి చూస్తున్నట్టు నాలుగు ఊపిర్లు పీల్చాడు.

"అమృతం బావా. మా అక్క పులుసు కన్నా నయం."

నొల్బెర్తో నవ్వలేదు. వాడి కళ్ళలోకి చూసి, మౌత్‌పీస్ వాసన తనూ మరోసారి చూసుకుని, వెనక్కి వాలి నీళ్ళలో పడ్డాడు.

చన్నీళ్ళు మెడ దగ్గర రబ్బరు సూటులోకి దూరి వెన్ను పొడుగునా జారాయి. హుయిరో అడివి అతడిని లోపలికి తీసుకుంది. పైన ఆకుల మధ్యనుంచి వెలుతురు పడుతూ ఆరిపోతూ ఉంది. ఉత్తరపు కొస మొదలయ్యే సరిహద్దు బండ దగ్గరికి చేరాక ఆగి, చేతికందినంత గొట్టం కిందికి లాక్కుని ఒక పక్కన చుట్టగా పెట్టాడు. ఆ చుట్టకి పైనున్న గొట్టాన్ని బొటనవేలంత లావున్న హుయిరో కాడకి గట్టిగా ముడేశాడు. ఇప్పుడు పైన సెనోన్ చేతికి తగిలేది అలకి ఊగే కాడ మాత్రమే. బావ ఒక్కచోటే కుదురుగా పని చేసుకుంటున్నాడని అనుకుంటాడు. తనేమో ఆ చుట్ట విప్పుకుంటూ ఉత్తరానికి పోవచ్చు. తన తెలివికి తనే మురిసిపోయాడు తాళంకప్ప.

ఉత్తరపు కొసన అతడు చూసింది ఇదీ. చాలా రాళ్ళు బోడిగా ఉన్నాయి. మిగిలిన మొదళ్ళ దగ్గరికి వెళ్ళి తడిమి చూశాడు. గునపం పడితే మొదలు మొత్తం రాయి నుంచి ఊడి, కింద తెల్లటి గాటు పడుతుంది. అలాంటి గాటు ఒక్కటీ లేదు. కాడలన్నీ నారలు నారలుగా తెగి ఉన్నాయి. తెగినచోటల్లా గుండ్రటి గుంటలున్నాయి, ఆ గుంటల్లో వేలిగోరంత నత్తగుల్లలు హాయిగా కూర్చుని ఇంకా కొరుకుతున్నాయి. అవి తొలిచిన కాడని పెద్ద కెరటం విరిచేస్తోంది, విరిగింది కొట్టుకుపోయి సెనోన్ గుడిసె ముందు పడుతోంది. అంతే. దొంగ లేడు. గునపం లేదు. ఎక్కడా ఎవరూ ఏమీ చెయ్యలేదు.

ఇంకొకడైతే సంతోషించేవాడు. నొల్బెర్తోకి ఒళ్ళు మండింది. ఆ నత్తగుల్లల్ని కూడా ఎవరైనా తెచ్చి వదిలారేమోనని ఒక్క క్షణం ఆలోచించాడంటే చూడండి. ఆ ఆలోచన మధ్యలోనే తల దిమ్మెక్కింది. కణతలు అదిరాయి. గాలిలో ఏదో తీపి వాసన. "పొగ" అనుకున్నాడు. వెంటనే, "వాడే. వాడికి తెలిసిపోయింది, చంపేస్తున్నాడు" అనుకున్నాడు. నీళ్ళ కింద అతడికి మిగిలిన ఆఖరి ఆలోచన అదే.

పైన జరిగింది అతడికి తర్వాత తెలిసింది. గాలి ఉన్నట్టుండి తిరిగింది. మామూలుగా అయితే సెనోన్ రెండుసార్లు లాగి, బావ నుంచి జవాబు రాగానే బోటుని గాలికి ఎదురుగా తిప్పుకునేవాడు, ఇంజను పొగ వెనక్కి పోయేది. ఈసారి లాగితే జవాబు లేదు. జవాబు లేకుండా బోటు తిప్పితే గొట్టంతో పాటు బావని రాళ్ళమీద ఈడ్చినట్టవుతుంది. ఇంకోసారి లాగాడు. ఈలోగా పొగ తిన్నగా కంప్రెసర్ గాలి పీల్చే చోటికి కొట్టింది. కంప్రెసర్ గాలి పీల్చే గొట్టాన్ని అందినంత ఎత్తుకు ఎత్తి కట్టి, బావ గొట్టాన్ని మూడుసార్లు లాగాడు. మళ్ళీ మూడుసార్లు. గొట్టం కదలలేదు, చేతిలో కర్రలా ఉంది. ప్రాణమున్న గొట్టం ఎలా ఉంటుందో ఆ వేళ్ళకి తెలుసు. కత్తి పళ్ళ మధ్య పెట్టుకుని, ఒంటి మీద చొక్కాతోనే, ఆ కుంటికాలితోనే దూకేశాడు.

గొట్టం పట్టుకుని చేతిమీద చెయ్యి వేసుకుంటూ దిగితే ముడి తగిలింది. అలల గుంజుడికి బిగిసిపోయింది, వేళ్ళకి లొంగేలా లేదు. గొట్టం కోస్తే అవతల బావ ఎక్కడున్నాడో ఇక తెలియదు. అందుకని హుయిరో కాడనే ముడికి అటూ ఇటూ కోసేశాడు. ఊపిరాడక పైకొచ్చి, బోటెక్కి, గొట్టం మొత్తం చుట్టుకుంటూ లాగాడు. ముందు ముడితో సహా తెగిన కాడ వచ్చింది, చాలాసేపటికి బావ వచ్చాడు.

నొల్బెర్తోకి మెలకువ వచ్చేసరికి ఇసుకలో పడి కక్కుకుంటున్నాడు. పక్కన సెనోన్ పెదాలు నల్లబడి, పళ్ళు టకటక కొట్టుకుంటూ కూర్చున్నాడు. కాపలా ముసలాయన ఎవారిస్తో బోటులోకి వంగి ఉన్నాడు. కాడని బయటికి లాగి ముడిని సెనోన్ అప్పటికే విప్పేశాడు. ఎవారిస్తో చేతిలోకి వచ్చింది కత్తితో కోసిన హుయిరో కాడ ఒక్కటే.

"ఇదెక్కడిది సెనోన్?"

"కింద నుంచి."

"ఎవరు కోశారు?"

"కత్తి నాదే కదా. నేనే కోశాను."

"ఎందుకు?"

సెనోన్, నోటికి మూత లేని సెనోన్, జన్మలో మొదటిసారి ఏమీ చెప్పలేదు. బావకి పొగ తగిలిందని మాత్రం చెప్పి లేచి, కాలీడ్చుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.

నొల్బెర్తో దుప్పట్లలో పడుకుని ఇంటి కప్పు చూస్తూ ఆలోచించాడు. ముడి సంగతి వాడెందుకు చెప్పలేదు? చెప్పితే చాలు, వాడు బయటపడతాడు. చెప్పకపోతే సంఘం వాడిని తీసేస్తుంది. నష్టం వాడిదే. మరి లాభమేమిటి? జీవితాంతం తన మెడ మీద ఆ ముడి వేలాడదీసి ఆడిద్దామనా? ఎదెల్మీరా వేడి టీ తెచ్చి పెట్టింది.

"వాడికేం కావాలే నా నుంచి?"

"ఎవరికి?"

"నీ తమ్ముడికి. నేను గొట్టం కట్టేశానని వాడికి తెలుసు. ఎందుకు చెప్పడు?"

అప్పటిదాకా ఆ సంగతి ఆవిడకీ తెలియదు. మంచం అంచున కూర్చుంది.

"గొట్టం కట్టినవాడికి ఈ రేవులో మళ్ళీ ఎవడైనా గొట్టం పడతాడా?"

"పట్టరు."

"అందుకని చెప్పలేదు."

"అంతేనా?"

"అంతే."

ఆ 'అంతే' కింద ఇంకేదో ఉంటుందని నొల్బెర్తో నమ్మకం. పులుసు కలిపినట్టు ఆ మాటని అడుగు దాకా కలిపి చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఏమీ తగల్లేదు. అలా ఏమీ తగలకపోవడం అతడికి పొగ కన్నా ఎక్కువ ఊపిరాడకుండా చేసింది. ముసుగు తన్ని గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఎదెల్మీరా ఓదార్చలేదు, ఆవిడ కోపం ఆవిడకుంది.

సమావేశంలో ఆ తెగిన కాడ బల్ల మీద పెట్టారు. ఎండి, నల్లబడి, పాత బెల్టు ముక్కలా ఉంది. దోన్యా క్లొరిందా గొంతు సవరించుకుంది.

"తీర్మానం అందరికీ గుర్తే. తాళంకప్పా, పెట్టింది నువ్వే. నీ బావమరిదని వదిలెయ్యమంటావా?"

నొల్బెర్తో లేచాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక టోపీ నలుపుకున్నాడు. వెనక బల్ల మీద సెనోన్ తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు బావా అన్నట్టు.

"ఉత్తరాన దొంగ లేడు. నత్తగుల్లలు తింటున్నాయి. నేను చూశాను" అన్నాడు. "ఈ కాడ వీడు కోశాడు. ఎందుకంటే నేను దీనికి గొట్టం కట్టాను. వీడికి తెలీకుండా వీడి దొంగతనం పట్టుకుందామని కట్టాను. వీడు కొయ్యకపోతే నేను లేను."

ముసలి మునకగాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బూతులు తిట్టి ఉంటే అతడికి సులువుగా ఉండేది. ఎవారిస్తో మెల్లిగా లేచి ఆ కాడని తీసుకెళ్ళి కిటికీలోంచి పారేశాడు. సెనోన్ మీద ఇక మాట లేదు. నొల్బెర్తో గురించి కూడా ఎవరూ తీర్మానం పెట్టలేదు, పెట్టనవసరం లేదు. ఆ మర్నాటి నుంచి ఏ బోటూ అతడిని మునగడానికి పిలవలేదు.

సెనోన్ కూడా పిలవలేదు. సంఘం గేటు దగ్గర ఎదురుపడి, "నేనూ పట్టను బావా" అన్నాడు. "ప్రాణం పోతుందని కాదు. పైన కూర్చుని, కింద ఉన్నది నువ్వో కాడో తెలియకుండా, ఆ భయం నాకు మళ్ళీ వద్దు."

తాళంకప్ప ఆ చలికాలమంతా ఆడవాళ్ళతో పాటు ఒడ్డున హుయిరో ఏరాడు. కొట్టుకి తాళాలు వెయ్యడం మానేశాడు, లోపల సూటు ఎండిపోయి చిట్లుతున్నా చూడలేదు. ఒకరోజు పొద్దున్న సెనోన్ వచ్చి ఆ కొట్టు ముందు నిలబడ్డాడు. భుజాన పాత సూటు ఉంది, మోకాలి దగ్గర అతుకులేసినది.

"తీరం పక్కన లోతు లేనిచోట నన్ను మునగనిస్తారట. డాక్టరు సరేనన్నాడు. గొట్టం పట్టేవాడు కావాలి."

"ఊళ్ళో ఎవరూ లేరా?"

"ఉన్నారు. వాళ్ళెవరూ నీ అంత అనుమానం మనుషులు కారు. నాకు కింద ఒళ్ళు మరచి పనిచెయ్యడం అలవాటు."

నొల్బెర్తో అతడి ముఖం పరీక్షగా చూశాడు. జాలా? ఎగతాళా? అక్క పంపిందా? మాట్లాడకుండా వెళ్ళి బోటు తోశాడు.

హుయిరో మొదలయ్యేచోట ఆపి, ఇంజను పొగ ఎటు పోతోందో మూడు వైపుల నుంచి చూశాడు. మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని పీల్చాడు, ఇంకా పీల్చాడు. సెనోన్ బోటు అంచున కూర్చుని ఎదురుచూసి ఎదురుచూసి చెయ్యి చాపాడు. ఇచ్చిన మౌత్‌పీస్‌ని చూడనైనా చూడకుండా నోట్లో పెట్టేసుకున్నాడు.

"ఒరేయ్, ఒకసారి వాసన చూసుకోరా."

సెనోన్ దాన్ని తీసి, "నువ్వు చూశావుగా బావా" అని, మళ్ళీ పెట్టుకుని వెనక్కి వాలిపోయాడు.

గొట్టం నొల్బెర్తో వేళ్ళమధ్యనుంచి జారుతూ పోయింది. ఒకసారి లాగాడు. కింద నుంచి ఒకసారి జవాబు వచ్చింది. అది వాడేనా, కాడ ఊగిందా? మళ్ళీ లాగాడు. జవాబు వచ్చింది. మళ్ళీ లాగాడు. చాలాసార్లు అయ్యాక నీటి మీద సెనోన్ తల పైకి తేలింది, మౌత్‌పీస్ ఊసేసి అరిచాడు.

"బావా, నన్ను పని చేసుకోనిస్తావా లేదా?"

"చేసుకో. ఎవరొద్దన్నారు?"

తల మునిగిపోయింది. నొల్బెర్తో గొట్టాన్ని రెండు చేతులతోనూ పట్టుకుని, కాసేపు ఓర్చుకుని, మళ్ళీ ఒకసారి లాగాడు.